ఏడీహెచ్‌డీ: మందు లేకుండా అంటే శ్రమ లేకుండా కాదు

రైలింజనులో లోకో పైలట్, అసిస్టెంట్ లోకో పైలట్ పక్కపక్కనే కూర్చుంటారు. ముందు సిగ్నల్ కనిపించగానే అది ఏ రంగులో ఉందో ఒకరికొకరు పైకి చెప్పుకోవాలి. ఇద్దరి కళ్లకూ కనిపిస్తున్నదాన్ని మళ్లీ నోటితో చెప్పడం ఎందుకని బయటివారికి అనిపించవచ్చు. రైల్వే నిబంధనకు అలాంటి మొహమాటం లేదు. అది చాలదన్నట్టు ఇంజనులో విజిలెన్స్ కంట్రోల్ డివైస్ అనే పరికరం ఉంటుంది. దాదాపు నిమిషం పాటు పైలట్ చెయ్యి దేనిమీదా కదలకపోతే ముందు దీపం వెలుగుతుంది, తర్వాత బజర్ మోగుతుంది, అప్పటికీ ఉలుకూ పలుకూ లేకపోతే బ్రేకులు వాటంతటవే పడతాయి. దారిలో ఎక్కడెక్కడ వేగం తగ్గించాలో కాషన్ ఆర్డర్ అనే కాగితం మీద రాసి చేతికిస్తారు. గుర్తుపెట్టుకోమని నోటిమాటగా చెప్పి పంపరు.

మనిషి ధ్యాస జారిపోతుంది అన్న సత్యాన్ని తప్పుగా కాక, లెక్కలోకి తీసుకోవలసిన వాస్తవంగా చూసిన ఏర్పాట్లు ఇవన్నీ. ఇవి బాగా తెలిసిన ఊళ్లలో ఖరగ్‌పూర్ ఒకటి. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలంలో ఇక్కడి వర్క్‌షాపుకూ యార్డుకూ పని వెతుక్కుంటూ శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి వచ్చిన కుటుంబాలు తరాలుగా ఇక్కడే ఉండిపోయాయి. వందేళ్ల తర్వాత కూడా ఈ రైల్వే పట్టణంలో తెలుగు వినిపిస్తూనే ఉంది. డ్యూటీలో సిగ్నల్ రంగును పైకి చెప్పే తండ్రి, ఇంటికొచ్చాక ఎనిమిదేళ్ల కొడుకు మాత్రం ఐదు పనులు ఒకేసారి చెబితే ఐదూ బుర్రలో పెట్టుకోవాలని ఆశిస్తాడు. పెట్టుకోలేకపోతే 'కుదురు లేదు', 'కాలుగాలిన పిల్లిలా తిరుగుతాడు', 'చెవిన పెట్టడు' అనే మాటలు వస్తాయి. కిటికీలోంచి చూస్తూ కూర్చునే ఆడపిల్లకైతే 'పరాకు పిల్ల' అని పేరు పడుతుంది, అంతటితో సరి. అల్లరి చెయ్యదు కాబట్టి ఆమెను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలన్న ఆలోచనే ఎవరికీ రాదు.

అలాంటి పిల్లలందరికీ ఏడీహెచ్‌డీ ఉందని కాదు. పూర్తి పేరు అటెన్షన్ డెఫిసిట్ హైపర్‌యాక్టివిటీ డిజార్డర్. తెలుగులో అవధాన లోపం, అతిచురుకుదనం అని రాస్తున్నారు. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో తెచ్చిన డీఎస్ఎం-5 ప్రకారం, ధ్యాసకు సంబంధించిన 9 లక్షణాల్లో గానీ, అతిచురుకుదనం, తొందరపాటులకు సంబంధించిన 9 లక్షణాల్లో గానీ కనీసం 6 ఉండాలి. 17 ఏళ్లు దాటినవారికి 5 చాలు. అవి 6 నెలలకు పైగా కొనసాగాలి, కొన్నైనా 12 ఏళ్లలోపే మొదలై ఉండాలి, ఇల్లు, బడి వంటి రెండు చోట్లయినా కనిపించాలి, చదువునో బతుకునో దెబ్బతీస్తూ ఉండాలి. బడిలో మాత్రమే కనిపించే అల్లరికి కారణం బడిలోనే ఉండవచ్చు. ప్రపంచవ్యాప్త అధ్యయనాలను కలిపి చూస్తే పిల్లల్లో సుమారు 5 శాతం మందికి ఈ సమస్య ఉంటుందని అంచనా. కోయంబత్తూరు ప్రాథమిక పాఠశాలల్లో చేసి 2013లో ప్రచురించిన ఒక సర్వేలో 11 శాతానికి పైగా తేలింది. ఏ కొలబద్ద వాడారు, ఎవరిని అడిగారు అన్నదాన్నిబట్టి అంకె ఇంతగా మారుతుంది. ఈఈజీ గానీ, స్కాన్ గానీ, రక్తపరీక్ష గానీ ఏడీహెచ్‌డీని నిర్ధారించలేవు. మాట్లాడి, గమనించి, పోల్చి తేల్చవలసిందే.

మెదడులో ఏమీ జరగడం లేదని దీని అర్థం కాదు. ఏడీహెచ్‌డీ బలంగా వారసత్వంగా వచ్చే లక్షణం. కవలల మీద జరిగిన అధ్యయనాలను కలిపి చూస్తే వంశానుగత భాగం 70 శాతానికి పైనే. 2007లో అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ పరిశోధకులు పిల్లల మెదడు స్కాన్లను పోల్చి చూశారు. మామూలు పిల్లల్లో మెదడు పైపొర మందం సగటున ఏడున్నరేళ్లకు గరిష్ఠ స్థాయికి చేరితే, ఏడీహెచ్‌డీ ఉన్నవారిలో అది పదిన్నరేళ్లకు చేరింది. క్రమం అదే, రావడమే ఆలస్యం. పెంపకం చెడి ఇలా తయారయ్యాడన్న మాట తప్పని చెప్పడానికి ఇంతకన్నా ఎక్కువ అక్కర్లేదు. పెంపకం కారణం కాకపోయినా పెంపకంలో చేసే మార్పు మాత్రం పనిచేస్తుంది. ఈ రెండు వాక్యాలు పరస్పర విరుద్ధం కావు. తల్లిదండ్రులు ఎక్కువగా తడబడేది మాత్రం ఇక్కడే.

'మందులు లేకుండా, మీ బిడ్డకు తగినట్టుగా' అనే మాట ఈ తడబాటు మీదనే అమ్ముడుపోతోంది. చిన్న పట్టణాల గోడల మీద కూడా బ్రెయిన్ ట్రైనింగ్, మిడ్‌బ్రెయిన్ యాక్టివేషన్, ఏకాగ్రత కోర్సుల ప్రకటనలు కనిపిస్తాయి. మందంటే తల్లిదండ్రులకున్న భయం అర్థం చేసుకోదగ్గదే. మిథైల్‌ఫెనిడేట్ మన దేశంలో మాదకద్రవ్యాల నియంత్రణ చట్టం పరిధిలోని పదార్థం, ప్రతి మందుల షాపులోనూ దొరకదు. ఆకలి తగ్గడం, నిద్ర ఆలస్యం కావడం, ఎదుగుదల కాస్త మందగించడం వంటి దుష్ఫలితాలు ఉన్న మాట నిజం. కాబట్టి మందు లేని దారి గురించి అడగడం మూర్ఖత్వం కాదు. ఆ దారిలో ఏది పనిచేస్తుంది, ఏది పనిచెయ్యదు అన్నది విడివిడిగా చూడకుండా మొత్తాన్ని ఒకే మూట కట్టి కొనడంలోనే చిక్కు ఉంది.

ఎడ్మండ్ సొనుగా-బార్క్, ఆయన సహ పరిశోధకులు 2013లో మందులు కాని చికిత్సల మీద జరిగిన ప్రయోగాలన్నిటినీ కలిపి పరిశీలించారు. ప్రవర్తనా శిక్షణ పొందిన పిల్లలు బాగుపడ్డారని తల్లిదండ్రులు చెప్పిన చోట ఫలితం పెద్దదిగా కనిపించింది. చికిత్స ఏమిటో తెలియనివారు, అంటే ముందే ఆశ పెట్టుకోనివారు, మార్కులు వేసిన చోట మూల లక్షణాల మీద ఆ ఫలితం దాదాపు కరిగిపోయింది. ఈ తేడా కీలకం. ఆదివారాలు వదులుకుని, డబ్బు కట్టి పిల్లవాణ్ణి తిప్పిన తల్లి 'కాస్త నయంగానే ఉన్నాడు' అనకుండా ఎలా ఉంటుంది? అది అబద్ధం కాదు, మనసు చేసే పని. అయితే అదే బృందం తర్వాతి ఏడాది మరో సంగతి చూపించింది. మూల లక్షణాలు అంతగా తగ్గకపోయినా, ప్రవర్తనా శిక్షణ వల్ల తల్లిదండ్రుల తీరు మెరుగుపడుతుంది, పిల్లల మొండితనం, ఎదురుతిరగడం తగ్గుతాయి. ఇది చికిత్స సంగతి తెలియనివారి మార్కుల్లోనూ నిలిచింది. అంటే పిల్లవాడి ధ్యాస అంతగా పెరగకపోవచ్చు గానీ ఇంట్లో రోజూ జరిగే యుద్ధం సద్దుమణుగుతుంది. ఒక కుటుంబానికి ఇది చిన్న సంగతి కాదు.

న్యూరోఫీడ్‌బ్యాక్ కథ ఇంకా స్పష్టం. తలకు ఎలక్ట్రోడ్లు పెట్టి, మెదడు తరంగాలు అనుకున్న తీరులో ఉన్నప్పుడు తెరమీద ఆట ముందుకు సాగేలా చేస్తారు. అమెరికాలో 144 మంది పిల్లలతో చేసి 2021లో ప్రచురించిన ప్రయోగంలో కొందరికి నిజమైన శిక్షణ, మిగతావారికి ముందే రికార్డు చేసిన సంకేతాలతో నడిచే ఉత్తుత్తి శిక్షణ ఇచ్చారు. ఎవరికి ఏది అందుతోందో పిల్లలకూ తెలియదు, పెద్దలకూ తెలియదు. రెండు గుంపులూ బాగుపడ్డాయి, దాదాపు సమానంగా. బాగుపడింది పరికరం వల్ల కాదన్నమాట. వారానికి కొన్నిసార్లు ఒక పెద్ద మనిషి శ్రద్ధగా పక్కన కూర్చోవడం, కుదురుగా ఉన్నందుకు మెప్పు దక్కడం, ఒక క్రమం ఏర్పడటం వంటివి రెండు గుంపులకూ అందాయి. వీటికి ఎలక్ట్రోడ్లు అక్కర్లేదు, బిల్లు అంతకన్నా అక్కర్లేదు.

వీడియో గేమును చికిత్సగా అమెరికా ఎఫ్‌డీఏ 2020 జూన్‌లో అనుమతించినప్పుడు పత్రికల్లో పెద్ద వార్తయింది. దాని వెనక ఉన్న ప్రయోగంలో 348 మంది పిల్లలున్నారు. కంప్యూటర్ మీద చేసే ఏకాగ్రత పరీక్షలో ఫలితం మెరుగైంది. తల్లిదండ్రులు గమనించిన రోజువారీ లక్షణాల్లో మాత్రం, మామూలు ఆట ఆడిన పిల్లలతో పోలిస్తే తేడా తేలలేదు. తెరమీద సాధించినది హోంవర్కు పుస్తకం దాకా నడిచి రాదు. ఆహారం విషయానికొస్తే, చేపనూనె గుళికల వల్ల మేలు ఉన్నా చాలా స్వల్పం. పంచదార తింటే పిల్లలు రెచ్చిపోతారన్నది పెళ్లిళ్లలో, పుట్టినరోజుల్లో స్థిరపడిన నమ్మకమే తప్ప, 1995లో ప్రయోగాలన్నీ కలిపి చూసిన విశ్లేషణలో దానికి ఆధారం దొరకలేదు. కృత్రిమ రంగుల సంగతి కాస్త వేరు. 2007లో సౌతాంప్టన్‌లో మామూలు పిల్లల మీద చేసిన ప్రయోగంలో కొద్దిపాటి ప్రభావం కనిపించింది, తర్వాత యూరప్‌లో ఆ రంగులున్న తినుబండారాల మీద హెచ్చరిక ముద్రించడం తప్పనిసరైంది. కొట్లో దొరికే కాషాయ రంగు చిరుతిండి మానిపిస్తే నష్టమేమీ లేదు. అదే చికిత్స అనుకుంటే మాత్రం నష్టం.

ఇక 'తగినట్టుగా' అన్న మాట. వ్యక్తిగత చికిత్స అంటే జన్యు పరీక్షో, రంగురంగుల మెదడు పటమో అని ఈ రోజుల్లో అనిపిస్తుంది. ఏడీహెచ్‌డీ విషయంలో దానికి ముందు చూడవలసినవి చాలా మామూలు సంగతులు, అవి ఊరినిబట్టి మారతాయి.

మొదటిది భాష. ఖరగ్‌పూర్‌లో ఒక తెలుగు పిల్లవాడు ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బజారులో బెంగాలీ, బడిలో ఇంగ్లిషు వింటాడు. టీచరు చెప్పినదాన్ని వినకపోవడానికీ, విని అర్థం కాకపోవడానికీ బయటికి కనిపించే లక్షణం ఒకటే, దిక్కులు చూడటం. పిల్లల లక్షణాలను అంచనా వేసే ప్రశ్నావళులు ఎక్కువగా ఇంగ్లిషులో పుట్టినవి. 'తరచుగా', 'చాలా తరచుగా' అనే గడులకు మధ్య ఎంత దూరముందో ఇంగ్లిషు చదివిన టీచరుకు ఒకలా, తెలుగులో ఆలోచించే అమ్మకు ఇంకోలా తోస్తుంది. బెంగాలీలో ప్రశ్న, హిందీలో వివరణ, తెలుగులో తల ఊపడం, ఇంగ్లిషులో నమోదు. ఇన్ని మలుపులు తిరిగి వచ్చిన అంకె మీద ఒక బిడ్డకు పేరు పెట్టడం సరికాదు. పిల్లవాడు తనకు బాగా వచ్చిన భాషలో కథ చెబుతున్నప్పుడు, ఇష్టమైన పని చేస్తున్నప్పుడు ఎలా ఉన్నాడో చూడకుండా అంచనా పూర్తి కాదు.

రెండోది వయసు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో 9 లక్షలకు పైగా పిల్లల రికార్డులు చూసిన అధ్యయనం 2012లో వచ్చింది. అక్కడ బడిలో చేరికకు గీత డిసెంబరు 31. డిసెంబరులో పుట్టి తరగతిలో అందరికన్నా చిన్నవారైన మగపిల్లలకు, జనవరిలో పుట్టినవారితో పోలిస్తే, ఏడీహెచ్‌డీ అని పేరు పడే అవకాశం 30 శాతం ఎక్కువ. ఆడపిల్లల్లో 70 శాతం ఎక్కువ. పుట్టిన నెల వల్ల జబ్బు రాదు కదా. పక్కవాడికన్నా పదకొండు నెలలు చిన్నవాడు ఆ మేరకు చిన్నవాడిలా ప్రవర్తించాడు, అంతే. ఏదో ఒక ఏర్పాటు చేసి బిడ్డను ఏడాది ముందే బడిలో వేసేయడం గొప్పగా భావించే మన ఇళ్లలో దీన్ని గుర్తుంచుకోవాలి.

మూడోది నిద్ర. రైల్వే ఇళ్లలో గడియారం అందరికీ ఒకటి కాదు. తండ్రి రాత్రి డ్యూటీకి వెళ్తాడు, తెల్లవారుజామున వస్తాడు, కాల్ బుక్ ఎప్పుడొస్తుందో తెలియదు. రెండు గదుల క్వార్టర్లో ఒకరి నిద్రవేళ ఇంకొకరి భోజనవేళ. నిద్ర చాలని పిల్లలు పెద్దల్లాగా మందకొడిగా ఉండరు, ఇంకా ఎక్కువ గెంతుతారు. మెల్‌బోర్న్‌లో ఏడీహెచ్‌డీతో పాటు నిద్ర సమస్య కూడా ఉన్న 244 మంది పిల్లలతో చేసిన ప్రయోగం 2015లో బీఎంజేలో వచ్చింది. పడుకునే వేళను కుదుర్చుకోవడం వంటి మెళకువలు రెండు విడతల్లో తల్లిదండ్రులకు నేర్పారు. నిద్రతో పాటు ఏడీహెచ్‌డీ లక్షణాలు కూడా కొంత తగ్గాయి. ఆ పిల్లల్లో ఎక్కువమంది అప్పటికే మందు వాడుతున్నవారు. మందు ఉన్నా లేకున్నా నిద్రను సరిదిద్దుకోవడం వేరే పని అని దీన్నిబట్టి తెలుస్తుంది.

నాలుగోది రక్తం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 ప్రకారం దేశంలో ఐదేళ్లలోపు పిల్లల్లో 67 శాతం మందికి రక్తహీనత ఉంది. పారిస్‌లో 2004లో జరిగిన ఒక చిన్న అధ్యయనంలో, ఏడీహెచ్‌డీ ఉన్న 53 మంది పిల్లల్లో 84 శాతం మందికి ఇనుము నిల్వలను చూపే ఫెరిటిన్ తక్కువగా ఉంది. పోలిక గుంపులో అలాంటివారు 18 శాతమే. ఇనుము తక్కువైతే ఏడీహెచ్‌డీ వస్తుందని దీనితో రుజువు కాలేదు. కానీ కుదురుగా కూర్చోలేని బిడ్డకు రక్తపరీక్ష చేయించడానికి ఇది చాలినంత కారణం. పరీక్ష లేకుండా ఇనుము మందు పట్టేయడం మాత్రం కూడదు, ఎక్కువైనా ప్రమాదమే. వినికిడి, చూపు, థైరాయిడ్, మూర్ఛ కూడా ఈ జాబితాలోవే. వీటిలో దేనికీ ప్రత్యేక కోర్సు ఫీజు లేదు కాబట్టి వీటి గురించి ప్రకటనలూ లేవు.

ఇవన్నీ చూశాక కూడా మిగిలేది మిగులుతుంది. అప్పుడు ఏం చెయ్యాలన్నదానికి రైలింజను పద్ధతే దగ్గరి ఉపమానం. అమెరికన్ మనస్తత్వవేత్త రసెల్ బార్క్‌లీ ఏళ్లుగా చెబుతున్న మాట ఒకటుంది. ఏడీహెచ్‌డీ ఉన్నవారికి ఏం చెయ్యాలో తెలియకపోవడం కాదు, తెలిసినదాన్ని ఆ క్షణంలో చెయ్యలేకపోవడమే అసలు ఇబ్బంది. కాబట్టి సాయం ఆ క్షణంలో, ఆ చోటే అందాలి. సాయంత్రం నీతిబోధ పనికిరాదు. ఉదయం చెప్పుల స్టాండు దగ్గర అతికించిన నాలుగు బొమ్మల కాగితం, అంటే డబ్బా, నీళ్ల సీసా, డైరీ, బెల్టు, పనికొస్తుంది. అదే అతని కాషన్ ఆర్డర్. ఒకసారికి ఒకే పని చెప్పడం, చెప్పినదాన్ని అతని నోటితో తిరిగి చెప్పించడం సిగ్నల్ పలకడం వంటిదే. పావుగంట చదువు, ఐదు నిమిషాల ఆట, ఎదురుగా గోడ గడియారం. మంచి పని చేసిన వెంటనే మెప్పు, వారం తర్వాత సైకిల్ కాదు. ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లలకు దూరపు బహుమతి కన్నా దగ్గరి చిన్న బహుమతే బలంగా పనిచేస్తుంది.

బడిలో డైలీ రిపోర్ట్ కార్డు అనే పద్ధతి ఉంది. టీచరు రెండో మూడో లక్ష్యాలు రాస్తారు, 'చెయ్యి ఎత్తి మాట్లాడాడు', 'లెక్కలు సగమైనా పూర్తి చేశాడు' వంటివి. పీరియడ్ చివర టిక్కు పెడతారు, ఇంట్లో దాన్నిబట్టి చిన్న ప్రోత్సాహం దక్కుతుంది. తప్పుల పట్టిక కాదు, చేసినవాటి పట్టిక. దీనికి కావలసింది ఒక కాగితం, టీచరుకు రోజుకు కొద్ది నిమిషాలు. అరవై మంది తరగతిలో ఆ కొద్ది నిమిషాలే కరువన్నది నిజం, అందుకే దాన్ని టీచరు మంచితనానికి వదిలెయ్యకుండా బడి పనివేళల్లో భాగం చెయ్యాలి.

వ్యక్తిగతం అన్న మాటకు శాస్త్రీయమైన అర్థం ఇక్కడే దొరుకుతుంది. ఒకే పిల్లవాడి మీద, ఒకే ప్రవర్తనను లెక్కపెడుతూ, ఒక్కో మార్పునే ప్రయత్నించడం. రెండు వారాలు ఏమీ మార్చకుండా, హోంవర్కు మధ్యలో ఎన్నిసార్లు లేచాడో క్యాలెండర్ మీద గీతలు పెట్టాలి. తర్వాతి రెండు వారాలు సాయంత్రం గంటసేపు మైదానంలో పరుగెత్తనిచ్చి చూడాలి. వ్యాయామం వల్ల ధ్యాసకు కొంత మేలు ఉందని అధ్యయనాలు చెబుతున్నాయి, ఈ బిడ్డకు ఉందో లేదో ఆ గీతలు చెబుతాయి. తేడా లేకపోతే దాన్ని వదిలి ఇంకొకటి. అన్నీ ఒకేసారి మొదలుపెడితే, అంటే యోగా, చేపనూనె, కొత్త ట్యూషను, తెర బంద్, ఏది పనిచేసిందో దేవుడికే ఎరుక. వీలైతే ఆ గీతలు పెట్టే పని, మార్పు ఏమిటో తెలియని ఇంకొకరికి, ట్యూషన్ మాస్టారికో పిన్నికో, అప్పగించడం మంచిది.

పెద్దల సంగతి వేరు. బాల్యంలో గుర్తించని ఏడీహెచ్‌డీ పెద్దయ్యాక పోయిందనుకోవడం సరికాదు, పెద్దల్లో సుమారు రెండున్నర శాతం మందిలో ఉంటుందని అంచనా. గెంతులు తగ్గుతాయి, ఆలస్యాలు, మరిచిపోవడాలు, సగంలో వదిలేసిన దరఖాస్తులు, తొందరపడి రాజీనామాలు మిగులుతాయి. కొడుకు కోసం డాక్టరు అడిగే ప్రశ్నలు వింటూ 'నేనూ ఇంతే కదా' అనుకునే తండ్రులు చాలామంది. స్టీవెన్ సాఫ్రెన్ బృందం 2010లో మందు వాడుతున్నా లక్షణాలు తగ్గని 86 మంది పెద్దలకు, కొందరికి కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ, కొందరికి విశ్రాంతి శిక్షణ ఇచ్చి చూసింది. థెరపీ తీసుకున్నవారిలోనే మెరుగుదల ఎక్కువ. ఆ థెరపీలో నేర్పింది ఒకే డైరీ, ఒకే జాబితా, పెద్ద పనిని ముక్కలు చెయ్యడం, దృష్టి మళ్లించే ఆలోచనను పక్క కాగితం మీద రాసి పనికి తిరిగి రావడం వంటివి. అష్టావధానంలో అప్రస్తుత ప్రసంగం చేసే పృచ్ఛకుడు ఒక్కడే ఉంటాడు. వీరికి లోపల అలాంటివారు ఎనిమిది మంది. వారిని వెళ్లగొట్టడం కుదరదు, ఒక్కొక్కరికీ 'తర్వాత' అని చీటీ ఇవ్వడం నేర్చుకోవచ్చు.

రైల్వే పట్టణంలో దీనికి ఇంకో కోణం ఉంది. అసిస్టెంట్ లోకో పైలట్ ఉద్యోగానికి కంప్యూటర్ ఆధారిత యాప్టిట్యూడ్ పరీక్షలో ప్రతి విభాగంలోనూ కనీసం 42 టీ-స్కోరు రావాలి. ఏకాగ్రత కూడా అందులో పరీక్షించే అంశమే. భద్రతకు సంబంధించిన ఉద్యోగంలో ఉన్నవారు తమ ధ్యాస మీద అనుమానాన్ని డాక్టరుతో చెప్పడానికి జంకడం సహజం. దాచి, ఇంటర్నెట్ చూసి సొంత వైద్యం చేసుకోవడం అన్నిటికన్నా ప్రమాదం. స్వీడన్‌లో ఏడీహెచ్‌డీ ఉన్న 17 వేల మందికి పైగా రికార్డులు చూసిన అధ్యయనం 2014లో వచ్చింది. మగవారు మందు వాడుతున్న కాలంలో, వాడని కాలంతో పోలిస్తే, తీవ్ర రోడ్డు ప్రమాదాల ముప్పు 58 శాతం తక్కువ. 'మందు వద్దు' అన్న నిర్ణయానికి కూడా దుష్ఫలితాలుంటాయి, అవి సీసా మీద ముద్రించి ఉండవు.

పిల్లల్లోనూ అంతే. అమెరికాలో 579 మంది పిల్లలతో 14 నెలలు నడిచి 1999లో వెలువడిన ఎంటీఏ అధ్యయనంలో, జాగ్రత్తగా ఇచ్చిన మందు మూల లక్షణాల మీద ప్రవర్తనా చికిత్స కన్నా బాగా పనిచేసింది. రెండూ కలిపి ఇచ్చిన గుంపులో మందు మోతాదు తక్కువ సరిపోయింది, రోజుకు సగటున 37.7 మిల్లీగ్రాములకు బదులు 31.2. మూడేళ్లు గడిచేసరికి గుంపుల మధ్య తేడాలు చెరిగిపోయాయి. మందుల పక్షంవారు మొదటి వాక్యాన్నీ, వ్యతిరేకులు చివరి వాక్యాన్నీ మాత్రమే ఉటంకిస్తుంటారు. చదవవలసింది మధ్య వాక్యాన్ని కూడా. ఆరేళ్లలోపు పిల్లలకు ముందు తల్లిదండ్రుల శిక్షణే ఇవ్వాలని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2019 మార్గదర్శకాలు అంటున్నాయి. ఐదేళ్లలోపువారికి బ్రిటన్ నైస్ సంస్థ 2018 సూచన కూడా అదే. అంతకన్నా పెద్ద పిల్లల్లో, తేలికపాటి సమస్యకు ఏర్పాట్లతో మొదలుపెట్టి కొన్ని నెలలు గీతలు పెట్టి చూడటం సమంజసం. బిడ్డ రోడ్డు మీదికి దూకుతున్నా, బడినుంచి పంపేస్తున్నా, తనను తాను 'నేను పనికిరానివాణ్ణి' అనుకోవడం మొదలుపెట్టినా, మందును ఇంకా వాయిదా వెయ్యడం సిద్ధాంతానికి బిడ్డను బలిపెట్టడమే.

మందు లేని దారికి ఖర్చు లేదనుకోవడం ఇంకో పొరపాటు. ఆ ఖర్చు ఎక్కువగా తల్లి గంటల్లో ఉంటుంది. భర్త లైను మీద, అత్తగారూ అమ్మా శ్రీకాకుళంలో, తాను ఒక్కతే గడియారం, కాగితం, గీతలు, మెప్పు అన్నీ చూసుకోవాలి. ఏడీహెచ్‌డీ వంశానుగతం కాబట్టి ఆమెకే అది ఉండవచ్చు కూడా. ఆమెకు పని అప్పగించే ముందు ఆమె చేతిలోంచి ఏ పని తీసెయ్యాలో అడగని నిపుణుడు ఇచ్చేది వ్యక్తిగత ప్రణాళిక కాదు, మరో హోంవర్కు.

ప్రభుత్వం వైపు నుంచి ఆధారాలు లేకపోలేదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో 18 ఏళ్లలోపు పిల్లలకు చేసే పరీక్షల జాబితాలో ఏడీహెచ్‌డీ కూడా ఉంది. టెలీ మానస్ నంబరు 14416కు తెలుగులోనూ ఫోన్ చేసి మాట్లాడవచ్చు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఆటిజం, నిర్దిష్ట అభ్యసన వైకల్యాలు ఉన్నాయి గానీ ఏడీహెచ్‌డీకి విడిగా చోటు లేదు. పరీక్షలో అదనపు సమయం అడిగే తల్లిదండ్రులు చిక్కుకునేది ఇక్కడే.

ఖరగ్‌పూర్ నుంచి హౌరా సుమారు 115 కిలోమీటర్లు. పిల్లల మానసిక నిపుణుల కోసం కోల్‌కతా వెళ్లే కుటుంబానికి ఒక రోజు సెలవు, ఒక రోజు బడి పోతాయి. తల్లిదండ్రుల శిక్షణకు మాత్రం ప్రతిసారీ అంత దూరం పోనక్కర్లేదు. బడిలోనో, రైల్వే కాలనీ ఇన్‌స్టిట్యూట్ హాలులోనో పది మంది తల్లిదండ్రులకు వారానికొకసారి, తెలుగులో, శిక్షణ పొందిన ఒక కౌన్సెలర్ నేర్పవచ్చు. నైస్ సంస్థ సూచించేది కూడా బృంద శిక్షణనే. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించినప్పుడు ఖరగ్‌పూర్‌లో సంబరం జరుపుకోదగ్గ వార్తే అయింది. ఆ హోదా వీధి బోర్డుల దగ్గర ఆగకుండా, పిల్లల ఆరోగ్య పరీక్ష పత్రం దాకా, అందులో 'తరచుగా'కూ 'చాలా తరచుగా'కూ మధ్య అమ్మ టిక్కు పెట్టవలసిన గడి దాకా రావాలని ఇక్కడి తెలుగు సంఘాలు అడగవచ్చు. బడులు తెరిచే ముందు అడిగితే, ఈ ఏడాది ఒకటో తరగతిలో చేరే పిల్లలకే అది అందుతుంది.